తలకో కిలో

కార్నివాల్ చివరి రోజు తెల్లవారుజామున లేచి, కాఫీ తాగి, వీపు బుట్ట భుజాలకి తగిలించుకుని బయల్దేరిన దెల్ఫీనా పథకంలో లోపం ఎక్కడా లేదు. మొదటి రైలెక్కి సరిహద్దు దాటి ఇటలీ వైపు మలేస్కోకి వెళ్లాలి. అక్కడ మాంసం కొట్టు నడిపే తమ్ముడు అత్తీలియో దగ్గర లుగానిగలు పుచ్చుకోవాలి. తిరుగు రైల్లో, చర్చిలో పన్నెండు కొట్టేలోగా స్విట్జర్లాండులోని మా వెర్సాస్కోలో దిగాలి. మా కొండ రైలు చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గాని దానికి పట్టుదల ఎక్కువ. లోయ ఎన్ని వంపులు తిరిగితే అన్ని వంపులూ తనూ తిరిగి, చెప్పిన వేళకి చెప్పిన చోట ఆగుతుంది. దెల్ఫీనా కూడా ఆ జాతి మనిషే.

లుగానిగ అంటే పంది మాంసానికి మసాలా, ఎర్ర వైను పట్టించి, పేగులో కూరి, దండలుగా ముడివేసిన సరుకు. కార్నివాల్ చివరి మధ్యాహ్నం మా ఊరి నడిబొడ్డున రాగి గుండిగ ఎక్కించి, వెన్నలో బియ్యం వేయించి, మాంసం ఉడికిన రసం పోస్తూ కలుపుతూ పోస్తూ కలుపుతూ రిజొత్తో వండుతారు. దాంట్లోకి లుగానిగలు. ఊరివాళ్లకీ, దారిన పోయేవాళ్లకీ కూడా ఊరికే వడ్డన. మర్నాటి నుంచి ఉపవాసాలు కాబట్టి ఆ పూట ఎవరూ మొహమాటపడరు.

ఈ వంటలో మా ఊరికి ఒకటే చట్టం: లుగానిగ ఎవరిదో తెడ్డు వాళ్లది. లుగానిగలు ఇచ్చినవాళ్లే గుండిగ కలపాలి. ఆ తర్వాత ఏడాదంతా తెడ్డు వాళ్ల వంటింటి గోడకే వేలాడాలి. తెడ్డు అంటే మామూలుది కాదు, మనిషి ఎత్తున ఉంటుంది. దెల్ఫీనా మొగుడు రొమేయో చెస్ట్‌నట్ దుంగ తెచ్చి తన చేత్తో చెక్కినది. రొమేయో ఊరికి కసాయి, కాబట్టి లుగానిగలూ ఆయనవే, తెడ్డూ ఆయనదే. పేచీ ఉండేది కాదు.

ఆయన కిందటేటి ముందు ఏడాది పోయాడు. కొట్టు మూతపడింది. పోయినేడు దెల్ఫీనా పట్నంలో లుగానిగలు కొని తెచ్చింది. ఊరంతా వాటిని మర్యాదగా తిన్నది. మా ఊళ్లో మర్యాదగా తినడమంటే మొహాన తిట్టడమే.

ఈ ఏడు ఉత్సవ కమిటీ కూర్చున్నప్పుడు రొమేయో చెల్లెలు ఇరీదే లేచి నిలబడింది. అర్ధమొగుడు ఆడబిడ్డ అన్నారు పెద్దలు. మొగుడు పోయాక ఆ సగం ఇంకాస్త పెరుగుతుందని మాత్రం చెప్పలేదు.

"వదినా, కొన్నవే తినాలంటే నేనూ కొనగలను. నీకంటే మంచి కొట్లోనే కొనగలను. మా అన్నయ్య చెక్కిన తెడ్డు మా ఇంటి గోడ మీదుంటే ఎవరికి నొప్పి?"

"కొన్నవి కావు ఈసారి. మా తమ్ముడు చేస్తాడు. రొమేయోకి పని నేర్పింది మా నాన్నే కదా. ఆ చేతి రుచే వస్తుంది, చూడు."

"సరిహద్దు అవతల్నించి తెస్తావా? ఎలా తెస్తావ్?"

"రైల్లో తెస్తా."

కమిటీ తీర్పు చెప్పింది. పన్నెండు కొట్టేసరికి అత్తీలియో లుగానిగలు గుండిగ దగ్గర ఉంటే అవే వండాలి. లేకపోతే ఇరీదే సూపర్ మార్కెట్టులో చెప్పి ఉంచినవి పడతాయి, తెడ్డు ఆమెది అవుతుంది. దెల్ఫీనా ఇంటికెళ్లి గోడ మీది తెడ్డుకేసి చాలాసేపు చూసింది. పిడి దగ్గర రొమేయో బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని ఆమెకి ఏడుపొచ్చింది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇక సరిహద్దు సంగతి. అవతల్నించి మాంసం తలకో కిలో కంటే ఎక్కువ తేకూడదు. తెస్తే పశువుల డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, సుంకం కట్టాలి, ఆ తతంగమంతా అయ్యేసరికి ఉపవాసాలు కూడా అయిపోతాయి. వంటకి కావలసింది ఇరవై కిలోలు. దీనికీ దెల్ఫీనా దగ్గర ఉపాయముంది. మా ఊరి బ్యాండు మేళం ఏటా ఆ పొద్దున మలేస్కో వెళ్లి వాయించి వస్తుంది. పంతొమ్మిది మంది వాద్యగాళ్లు, దెల్ఫీనా ఒకతి. తలకో కిలో. చట్టం చట్టమే, లుగానిగ లుగానిగే.

మలేస్కోలో అత్తీలియో అంతా సిద్ధం చేసి ఉంచాడు. కిలోకో దండ చొప్పున ఇరవై దండలు కొక్కేలకి వేలాడుతున్నాయి. వాటితోపాటు అక్కగారి ఊరివాళ్లు వస్తున్నారు కదా అని, అక్రోట్లతో చేసిన నల్లటి సారా పీపా కూడా తెరిచి పెట్టాడు. మర్యాద చేశాడు, పాపం. ఈ ఏడు మా బ్యాండువాళ్లు ఎలుగుబంటి వేషాలు వేశారు. ఆ బొచ్చు చొక్కాల్లో దాహం ఎక్కువ. మొదటి గ్లాసుకి వాయించారు, రెండో గ్లాసుకి పాడారు, మూడో గ్లాసు అయ్యేసరికి మలేస్కో ఊరేగింపు అటుగా వస్తే దాని ముందు నడిచి వెళ్లిపోయారు. రైలు వేళకి స్టేషన్లో దెల్ఫీనా, అత్తీలియో, ఇరవై దండలు నిండిన బుట్ట మిగిలాయి. దూరంగా కొండమీద ఎక్కడో బాకా వినిపిస్తోంది.

"అక్కా, వాళ్లిక రారు. తర్వాతి రైలుకి వెళ్లు."

"తర్వాతి రైలుకి వెళ్తే ఇరీదే తెడ్డుతోపాటు గోడకున్న మేకు కూడా పీక్కుపోతుంది."

"పోనీ ఒక కిలో పట్టుకెళ్లు. చట్టం ప్రకారం."

"ఒక్క కిలో ఏం చేసుకోను? ఊరందరికీ వాసన చూపించనా? బుట్ట ఎత్తరా!"

అత్తీలియో బుట్ట ఎత్తి ఆమె వీపుకి తగిలించాడు. ఇరవై కిలోలతో దెల్ఫీనా రైలెక్కిన తీరు చూస్తే రైలే కాస్త పక్కకి జరిగిందేమో అనిపించింది. తలుపు దగ్గర టికెట్లు చూసే బత్తీస్తా నిలబడి ఉన్నాడు. మా లోయవాడే.

"బుట్టలో ఏంటి దెల్ఫీనా అత్తా?"

"నా పాపాలు."

"బరువుగానే ఉన్నాయి," అన్నాడు బత్తీస్తా, వాసన పీల్చి. "పాపాలకి మిరియాలు కూడా వేశావే!"

మా లోయలో ఇదేమంత కొత్త విద్య కాదు. సంత నుంచి వచ్చేవాళ్లు 'కాస్త ఇది పట్టుకో' అని పక్కవాళ్ల ఒళ్లో ఓ పొట్లం పెడతారు. కస్టమ్స్ మనిషి వచ్చి ఎవరిదంటే ఎవరికి వారు 'నాదే' అంటారు. సరిహద్దు దాటాక పొట్లం చేరవలసిన చోటికి చేరుతుంది. తాతల కాలం నుంచీ ఇదే వరస, ఒక్క పొట్లం పోయిన దాఖలా లేదు. సరిహద్దు దగ్గర 'నాదే' అన్న మాటని మా వాళ్లెవరూ మాట కింద లెక్కపెట్టరు. దెల్ఫీనా ధైర్యమంతా అదే.

కానీ ఆ పూట మా వాళ్లంతా కార్నివాల్‌లో ఉన్నారు. రైలు పెట్టెలో ఉన్నది జూరిక్ నుంచి వచ్చిన ముసలాళ్ల నడక సంఘం, పద్ధెనిమిది మంది. పెద్ద సొరంగం అవతల జర్మన్ మాట్లాడే స్విస్ వాళ్లని మా వైపు గుమ్మడికాయలంటారు, వాళ్లు దగ్గర లేనప్పుడు. చేతికర్రలు, ఎర్ర మేజోళ్లు, మోకాళ్ల మీద మడతపెట్టిన దారి పటాలు. వాళ్ల నాయకురాలు ట్రూడి గారు సన్నగా, నిటారుగా కూర్చుంది. ఆవిడ చాలా ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరయింది. మా భాష రాత్రి బడిలో పుస్తకం చూసి నేర్చుకుంది కాబట్టి ఆవిడ మాట్లాడితే పాత శాసనం చదివినట్టుంటుంది. కాళ్ల దగ్గర వాల్డి అనే పొట్టికాళ్ల కుక్క పడుకుంది.

"అమ్మా, సరిహద్దు దాటేదాకా ఈ దండ కాస్త మీ దగ్గర ఉంచండి. మీ వాళ్లకి కూడా తలా ఒకటి. కస్టమ్స్ అబ్బాయి అడిగితే మాదే అనండి చాలు," అంది దెల్ఫీనా.

ట్రూడి గారు కళ్లద్దాలు సవరించుకుంది. "క్షమింపుడు. ఇవి మీ సొత్తు. పరుల సొత్తును మాదని పలుకుట అసత్యము కదా?"

"అబద్ధం కాదమ్మా, అది... వాడుక."

"అసత్యము వాడుకయైనంత మాత్రమున సత్యము కానేరదు."

రైలు ఒక వంతెన దాటింది. ఇంకో రెండు స్టేషన్లు పోతే సరిహద్దు. దెల్ఫీనాకి చర్చి గంట, గుండిగ, ఇరీదే చేతులు ఒకేసారి కళ్లముందు మెదిలాయి. వెనక్కి తగ్గడం ఆమెకి రాదు.

"అయితే మీకే ఇచ్చేశాను. తీసుకోండి. ఇప్పుడు మీవే, అబద్ధం లేదు."

"దానముగానా?"

"దానంగానే."

"మనఃపూర్వకముగానా?"

"మనస్ఫూర్తిగానే."

"నిబంధనలు ఏమైనను కలవా?"

"ఏ నిబంధనా లేదు తల్లీ, మెడ వంచు!"

ట్రూడి గారు మెడ వంచింది, దెల్ఫీనా దండ వేసింది. ఆవిడ లేచి తన వాళ్లకి జర్మన్‌లో విషయం చెప్పగానే పెట్టె అంతా నిట్టూర్పులు, చప్పట్లు. లోయ జనం ఇంత ఉదారులని వాళ్లకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మెడలు వంచారు. ఒక తాతగారు కళ్లు తుడుచుకున్నాడు. ఉచితంగా పుచ్చుకోవడం వాళ్ల ఇంటావంటా లేదు కాబట్టి, తలా ఒక చాక్లెట్ పలక సంచీలోంచి తీసి దెల్ఫీనా బుట్టలో వేశారు. బుట్ట మళ్లీ సగం నిండింది. అందరికీ పంచగా, తనకొకటి వేసుకోగా, ఒక దండ మిగిలిపోయింది.

"బత్తీస్తా, ఇది నీ మెడలో వేసుకో."

"డ్యూటీలో ఉన్నాను అత్తా. ఈ దండతో టికెట్లు అడిగితే జనం దండం పెడతారు."

దెల్ఫీనా అటూ ఇటూ చూసి, కిందికి చూసి, ఆ దండ వాల్డి మెడలో వేసింది. అప్పుడే సరిహద్దు స్టేషను కమేదో వచ్చింది. కస్టమ్స్ యువకుడు నేవియో పెట్టెలోకి అడుగుపెట్టాడు.

నేవియో ఆ ఉద్యోగంలో కొత్త. సరిహద్దు దగ్గర ఏం చూసినా మొహం మీద ఆశ్చర్యం కనపడకూడదని శిక్షణలో చెప్పారు. పద్ధెనిమిది మంది పెద్దవాళ్లు లుగానిగ దండలతో బుద్ధిగా కూర్చుని తనకేసి చూస్తుంటే ఆ శిక్షణ ఏమాత్రం పనిచేయలేదు.

"ఇవి... ఎవరివండీ?"

"మావి," అని పద్ధెనిమిది గొంతులు ఒకేసారి అన్నాయి. ట్రూడి గారు లేచి మొత్తం వృత్తాంతం విన్నవించింది. ఎవరు ఇచ్చారు, ఏ మాటలతో ఇచ్చారు, మనఃపూర్వకముగానా అని తను ఎలా అడిగింది, బదులుగా ఏమి సమర్పించుకున్నారు, ఏదీ వదల్లేదు.

"నిజంగా ఇచ్చేశావా దెల్ఫీనా అత్తా?"

"ఇచ్చేశాను."

"ఇన్ని కిలోలూ? ఊరికే?"

"కార్నివాల్ కదా నాయనా. చేతికి ఎముక లేదు."

"ఒట్టు?"

దెల్ఫీనా ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూసింది. "రొమేయో మీద ఒట్టు," అంది.

నేవియో తలూపాడు. తర్వాత కిందికి చూశాడు. "మరి కుక్క?"

"తలకో కిలో అన్నారు. కుక్కకి తల లేదా?"

"చట్టంలో తల అంటే మనిషి తలే అత్తా."

"అలాగని ఎక్కడుంది? చూపించు."

 ట్రూడి గారు కుక్కకి ఆస్తి హక్కు ఉండుటకు వీలు లేదనీ, కావున అది తనకు రెండవ కిలో అగుననీ, తాను సుంకము చెల్లించుటకు సిద్ధమనీ మొదలుపెట్టింది. కుక్కకి టికెట్ కొన్నారు కాబట్టి అదీ ప్రయాణికుడే అన్నాడు బత్తీస్తా. ఈ వాదన సాగుతుండగా వాల్డి తన వాటా తనే తేల్చుకుంది. అందరూ కిందికి చూసేసరికి దాని మెడలో దారం మాత్రమే మిగిలింది. పంతొమ్మిది తలలు, పంతొమ్మిది కిలోలు. చట్టానికి ఇక అభ్యంతరం లేదు.

దెల్ఫీనా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. రైలు కదిలింది. నేవియో మాత్రం దిగలేదు, టోపీ తీసి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు దిగవా నాయనా?"

"డ్యూటీ అయిపోయింది అత్తా. మీ ఊరికే వస్తున్నా, అన్నం తినడానికి." అతను గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా? నువ్వు మళ్లీ వాళ్ల దగ్గర అవి వెనక్కి తీసుకుంటావేమోనని అనుమానం వచ్చింది. అలా చేస్తే దొంగ రవాణా కింద లెక్క. రొమేయో మామయ్య మీద ఒట్టేశావు కాబట్టి నమ్మాను."

 మొదటిసారిగా దెల్ఫీనాకి తన ఒట్టు బుట్ట కంటే బరువనిపించింది. ఇంతలో నడక సంఘం వాళ్లు లేచి సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికమ్మా?"

"తదుపరి స్టేషనున దిగి, పురాతన వంతెన దాటి, అడవిలో నిప్పు రాజేసి, మీ కానుకను కాల్చుకొని భుజించెదము," అంది ట్రూడి గారు ఆనందంగా.

"కాలుస్తారా?" దెల్ఫీనా అరిచిన అరుపుకి వాల్డి సీటు కిందికి దూరింది. "ఇవి కాల్చేవి కావు! రిజొత్తోలో పడాల్సినవి! మా ఊళ్లో గుండిగ ఎక్కించి ఉంది, రండి, అందరూ రండి, భోజనానికి పిలుస్తున్నాను!"

"మీ ఔదార్యమునకు అంతు లేదు. కాని మా కార్యక్రమము నిశ్చయమైనది. ఓటు లేనిదే మార్చరాదు."

"అయితే ఓటు పెట్టండి!"

పెట్టారు. జూరిక్ వాళ్లకి అది నీళ్లు తాగినంత తేలిక. ముందు దెల్ఫీనా పక్షం వాదన వినాలన్నారు. ఆమె బుట్ట కింద పెట్టి, రైలు వంపు తిరుగుతుంటే స్తంభం పట్టుకుని నిలబడి మాట్లాడింది. వైను ఉందంది. జున్ను ఉందంది. బ్యాండు మేళం ఉందని కూడా అంది గాని, ఆ ఎలుగుబంట్లు ఇప్పుడు ఏ దేశంలో ఏ గట్టు మీద ఉన్నాయో ఆమెకే తెలియదు. వాళ్లు పటాలకేసి చూసుకుంటూ మొహాలు అదోలా పెట్టారు. అప్పుడు నేవియో, పాపం, మంచి మనసుతో ఒక మాట అన్నాడు.

"ఈవిడ అన్నం ఒకసారి తిన్నాక నాకు మా అమ్మ వంట ఎక్కలేదండీ. మా అమ్మకి చెప్పకండి."

ట్రూడి గారు అది జర్మన్‌లోకి మార్చి చెప్పింది. చేతులు లేచాయి. తీర్మానం నెగ్గింది. దానికో సవరణ కూడా నెగ్గింది: ఇంతమంది ఉత్త చేతులతో విందుకి వెళ్లడం మర్యాద కాదు కాబట్టి, లుగానిగలన్నీ సంఘం తరఫున ఊరికి కానుకగా ఇవ్వాలి. అదెంత చిక్కు తెచ్చే సవరణో దెల్ఫీనాకి ఆ హడావిడిలో తట్టలేదు. పన్నెండు కొట్టేలోపు సరుకు గుండిగ దగ్గరుంటుంది, ఆమెకి కావలసింది అదే.

వెర్సాస్కోలో గంట మొదటి దెబ్బ కొడుతుండగా ఊరేగింపు నడిబొడ్డుకి చేరింది. ముందు దెల్ఫీనా, వెనక మెడల్లో దండలతో పద్ధెనిమిది గుమ్మడికాయలు, తర్వాత టోపీ చంకలో పెట్టుకుని నేవియో, చివర మెల్లగా, కడుపు బరువుతో వాల్డి. గుండిగ కింద మంట బాగా అంటుకుంది, బియ్యం వెన్నలో వేగుతోంది. పక్కన తెడ్డు ఆనించి ఉంది. ఇరీదే ముందు సూపర్ మార్కెట్టు లుగానిగల ప్లాస్టిక్ పెట్టెల బొత్తి. ఊరంతా వాటికేసి అప్పటికే మర్యాదగా చూస్తోంది.

"బ్యాండేదీ వదినా?"

"ఇటలీలో ఉంది."

"వీళ్లెవరు?"

"అతిథులు. జరుగు, గంట ఇంకా కొడుతోంది, నా లుగానిగలు వచ్చేశాయి."

ఇరీదే జరగలేదు. ఆమె పద్ధెనిమిది మెడలూ చూసింది, వెనకున్న కస్టమ్స్ టోపీ చూసింది. అదీ రొమేయో బుర్రే కదా, ఒకే తల్లి బిడ్డలు. తిన్నగా ట్రూడి గారి ముందుకెళ్లి నిలబడింది.

"అమ్మా, మెడలో ఉన్నవి ఎవరివండీ?"

"మావి," అంది ట్రూడి గారు. "ఈ పుణ్యాత్మురాలు మాకు నిబంధనలు లేక దానమొసగినది. ఇచ్చటనున్న అధికారి సాక్షి."

"సాక్షినే," అన్నాడు నేవియో.

ఇరీదే నెమ్మదిగా దెల్ఫీనా వైపు తిరిగింది. "విన్నావా వదినా? నీ మెడలో ఉన్న ఒక్కటి తప్ప నీవి కావట. లుగానిగ ఎవరిదో తెడ్డు వాళ్లది. ఏదీ, ఇలా ఇవ్వు."

ఇద్దరి చేతులూ తెడ్డు మీదే ఉన్నాయి. నాలుగు చేతుల మధ్య రొమేయో బొటనవేలి గుంట. 'ఇవన్నీ నావే, వీళ్లు మోశారంతే' అనే మాట దెల్ఫీనా నోటిదాకా వచ్చింది. ఎదురుగా నేవియో ఉన్నాడు. అతనికంటే కూడా, రొమేయో మీద వేసిన ఒట్టు ఉంది. ఆమె నోరు మూసుకుంది. గంట చివరి దెబ్బ కొట్టి ఆగింది. గుండిగలో బియ్యం మాడువాసన మొదలైంది.

"ఇరీదే, కమిటీ ఏమంది? పన్నెండింటికి అత్తీలియో లుగానిగలు ఇక్కడుంటే అవే వండాలి. ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి. కానీ నీవి కావుగా!"

"కావు. నీవీ కావు." దెల్ఫీనా తెడ్డు మీద పట్టు బిగించింది. "మీ అన్నయ్య గుండిగలో ప్లాస్టిక్ వాసన పడనివ్వను. తెడ్డు పోతే పోయింది."

అని ఒక్క ఊపుతో తెడ్డు లాక్కుని, తీసుకెళ్లి ట్రూడి గారి చేతుల్లో పెట్టింది.

వెర్సాస్కో తెడ్డు పరాయి ఊరి చేతుల్లోకి వెళ్లడం ఎవరూ ఎరగరు.  ట్రూడి గారు చలించిపోయింది. తెడ్డు గుండిగలో దించి, రెండుసార్లు తిప్పి, ఆపి, కృతజ్ఞతా ప్రసంగం మొదలుపెట్టింది.

"ఆపకు!" అని వదినా మరదళ్లు ఒక్క గొంతుతో అరిచారు.

"నేను ధన్యవాదములు..."

"తర్వాత చెప్పొచ్చు, ముందు కలుపు! అడుగంటుతోంది!" అంది దెల్ఫీనా.

"ఎలా కలుపుతోందో చూడు వదినా, బట్టలుతికినట్టు!" అంది ఇరీదే.

"అడుగు నుంచి, అడుగు నుంచి! అయ్యో, ఇరీదే, నువ్వా వైపు పట్టుకో!"

దెల్ఫీనా కుడి పక్క, ఇరీదే ఎడమ పక్క చేరి, మధ్యలో ట్రూడి గారిని కదలనివ్వకుండా పట్టుకుని కలిపించారు. దెల్ఫీనా రసం పోయమంటే ఇరీదే పోసింది. ఇరీదే వెన్న వేయమంటే దెల్ఫీనా వేసింది. రొమేయో పోయాక వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు వినడం ఊరు చూడ్డం అదే మొదలు. ఆ పూట అన్నం ఎంతో బాగా కుదిరింది. లుగానిగ ముక్క నోట్లో పెట్టుకుని పెద్దవాళ్లు కళ్లు మూసుకున్నారు. ఒకాయన "రొమేయో!" అన్నాడు. నేవియో మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఇరీదే ప్లాస్టిక్ పెట్టెలు ఒక్కటీ తెరవలేదు.

మధ్యాహ్నం రైలుకి నడక సంఘాన్ని సాగనంపడానికి ఊరంతా స్టేషన్‌కి వచ్చింది. తెడ్డు సంగతి ఎవరో ట్రూడి గారికి మొత్తం చెప్పేశారు, ఏడాదంతా ఇంటి గోడకి వేలాడదీయాలనే మాటతో సహా. ఆవిడ తెడ్డుని భుజాన వేసుకుని, బండిలోకి ఏటవాలుగా ఎలా ఎక్కించాలా అని చూస్తోంది. దెల్ఫీనా ఎదురుచూస్తోంది. మా లోయలోనైతే ఈ దశలో పుచ్చుకున్నవాళ్లు 'అబ్బే, మీ దగ్గరే ఉంచండి' అనాలి. ఇచ్చినవాళ్లు 'ఎంత మాట' అనాలి. చివరికి వస్తువు ఇంటికొస్తుంది.

ట్రూడి గారు అలాంటిదేమీ అనలేదు. "మనఃపూర్వకముగా ఇచ్చితిరి కదా?" అంది.

దెల్ఫీనా పిడి మీది గుంటకేసి చూసింది. "మనస్ఫూర్తిగానే," అంది.

"జూరిక్ నగరమునకు విచ్చేసినచో మా ఇంటికి దయచేయుడు. మీరు వచ్చుట మాకు పండుగ."

రైలు కదిలింది. కిటికీలోంచి తెడ్డు కొస బయటికి కనిపిస్తూ వంపు దాకా వెళ్లి మాయమైంది. దెల్ఫీనా బెంచీ మీద కూలబడి ఏడ్చింది. దాచుకోలేదు. ఇరీదే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. అప్పుడే ఎదురు ప్లాట్‌ఫారం మీద ఇటలీ రైలు ఆగింది. పంతొమ్మిది ఎలుగుబంట్లు ఒకరినొకరు పట్టుకుని దిగి, అన్నం మిగిలిందా అని అడిగాయి. 

"అన్నయ్య తెడ్డు వదినా," అంది ఇరీదే. "నీ గోడ మీదున్నా బాగుండేది. రోజూ నీ కిటికీలోంచి కనపడేది."

"కిటికీలోంచి చూసేదానివా?"

"రోజూ."

దెల్ఫీనా ముక్కు చీదుకుంది. బుట్టలోంచి ఒక చాక్లెట్ తీసి సగం విరిచి ఇరీదేకిచ్చింది. మిగతా సగం నోట్లో వేసుకుంటూ ఆగిపోయింది. బుట్టలోని చాక్లెట్లకేసి చూసింది. ఆమె మొహంలో పొద్దుటి పట్టుదల మళ్లీ వచ్చింది.

"ఇరీదే, ఆవిడ దేన్నీ ఊరికే పుచ్చుకోదు. ఏదిచ్చినా తిరిగి ఏదో ఒకటి ఇస్తుంది."

"అయితే?"

"ఆవిడ దగ్గరున్న చాక్లెట్ నా బుట్టలోనే ఉంది. ఈసారి మనం ఇస్తే, తిరిగివ్వడానికి ఆ ఇంటి గోడ మీద ఏం కనపడుతుంది?"

ఇరీదే నమలడం ఆపింది. "ఏమిస్తాం మనం? రేపట్నుంచి ఉపవాసాలు."

"మనకి. వాళ్లకి లేవు. నీ ప్లాస్టిక్ పెట్టెలన్నీ అలాగే ఉన్నాయి కదా?"

మర్నాడు పొద్దున మొదటి రైలుకి వదినా మరదళ్లు ఇద్దరూ చెరో వీపు బుట్టతో ఎక్కారు. జూరిక్ దారిలో సరిహద్దేమీ లేదు కాబట్టి, ఈసారి తలకి పది కిలోలు పట్టుకెళ్లారు.